కవరు లోపలి పేరు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. కానీ ఇల్లు గడిచేది జిరాక్స్ మీద కాదు, అర్జీలు రాసిపెట్టడం మీద. మా ఊళ్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసులో ఒడియా. నోటితో అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కంతా కాగితం దగ్గరే. యాభై దాటిన తెలుగు రైతుకి ఒడియా మాట వస్తుంది, అక్షరం రాదు. అందుకని అర్జీ నేనే రాస్తాను, జవాబొస్తే నేనే చదివిపెడతాను. రాసినందుకు ముప్పై రూపాయలు. చదివినందుకు ఏమీ తీసుకోను.

రెండేళ్ల కిందట ఓ మధ్యాహ్నం వంశధార వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. దూరపు వరసలో నాకు మావయ్య అవుతాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "ఏటో కాయితం వచ్చినాది, సదివి సెప్పు బాబూ" అన్నాడు. చూడగానే విషయం తెలిసిపోయింది. అంతకు రెండు నెలల ముందు ఆయన తరఫున నేనే ఒక ఫిర్యాదు రాశాను. మండీలో ధాన్యం కాటా వేసేటప్పుడు క్వింటాలుకి ఇన్ని కిలోలని తీసేస్తున్నారు, తీసినదానికి రసీదు లేదు అని. దీన్ని మా వైపు కట్నీ-ఛట్నీ అంటారు. ఒడిశాలో ధాన్యం పండించేవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

కాగితం జిల్లా స్థాయి ఆఫీసు నుంచి వచ్చింది. అయితే అది మావయ్యకి రాసిన ఉత్తరం కాదు. మండీలో ధాన్యం కొనే ఏ సొసైటీ మీద ఫిర్యాదు చేశాడో ఆ సొసైటీకి రాసింది. "సూచన" అని ఉన్నచోట మావయ్య పేరు, తండ్రి పేరు, ఊరు, నేను శ్రద్ధగా రాసిన మొబైల్ నంబరు. ఆ కింద, పై ఫిర్యాదుపై విచారించి నివేదిక పంపవలసిందని ఒక వాక్యం. అంటే తన మీద వచ్చిన ఫిర్యాదుని తానే విచారించుకుని, తాను మంచివాడో కాదో తానే రాసి పంపాలి. అట్టడుగున "ప్రతి: ఫిర్యాదుదారునికి, సమాచారం నిమిత్తం". మావయ్య చేతిలో ఉన్నది ఆ ప్రతి.

చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. మిగతాదంతా వదిలేసి ఒక్కటే అడిగాడు. "అయితే నా పేరు ఆళ్లకీ ఎల్లిపోనాదా?"

ఆ తర్వాతి పంటకి ఏం జరిగిందో చెబితే మీకు పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ధాన్యం తెమ్మని ఇచ్చే టోకెన్ ఆలస్యంగా వచ్చింది. ధాన్యం తీసుకెళ్తే తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపారు. ఆరబోసి మళ్లీ తెచ్చాక తాలు ఎక్కువుందన్నారు. మూడు రాత్రులు బస్తాల మీదే, టార్పాలిన్ కింద పడుకున్నాడు. గట్టు అవతలి రైతు ధాన్యం, అదే నీటికి, అదే విత్తనానికి పండినది, వచ్చిన పూటే కాటా ఎక్కింది. చివరికి ఈయనదీ ఎక్కిందనుకోండి. ముందటేడు కంటే రెండు కిలోలు ఎక్కువ కోతతో. ఇందులో ఏ ఒక్కటీ కక్ష అని రుజువు చేయలేం. తేమ మీటరు నిజంగానే అలా చూపించి ఉండొచ్చు. మా వైపు కక్ష సాధింపు అలాగే ఉంటుంది, ప్రతి అడుగూ రూలు ప్రకారమే.

ఇందులో నా పాపం కూడా ఉంది. పేరు పెట్టొద్దు బాబూ అని ఆయన ముందే అన్నాడు. "పేరు లేకపోతే చించి పారేస్తారు మావయ్యా" అన్నది నేనే.

నేనన్నది అబద్ధమేం కాదు. పేరులేని ఉత్తరాన్ని మనం ఆకాశరామన్న ఉత్తరం అంటాం. ప్రభుత్వానికి ఆకాశరామన్న అంటే గిట్టదు. అవినీతి ఫిర్యాదులు చూసే కేంద్ర విజిలెన్స్ కమిషన్ దగ్గర కూడా పేరూ చిరునామా లేని ఫిర్యాదు మీద చర్య ఉండదు. కారణం లేకపోలేదు. గట్టు తగాదా పెట్టుకుని పక్క పొలం వాడి మీద, ప్రమోషన్ రాలేదని తోటి ఉద్యోగి మీద ఆకాశరామన్నలు టైపు చేయించుకోవడానికి నా షాపుకే వస్తుంటారు. కొత్తలో రెండు మూడు చేశాను కూడా, డబ్బు కోసం. ఇప్పుడు చేయను. కాబట్టి బురద చల్లేవాడికి కాస్త భయం ఉండాలన్న వాదన నాకు బాగానే అర్థమవుతుంది. నాకు ఎక్కనిది రెండో సగం. పేరు చెబితేనే వింటానన్నవాడికి, చెప్పిన పేరుని కడుపులో దాచుకునే బాధ్యత ఉండదా?

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వ రహస్యాలు, గుట్టు విప్పేవాళ్లు అనగానే అందరూ అమెరికా కబుర్లు మొదలుపెడతారు. నేనూ వస్తాను అక్కడికి. కానీ కౌంటర్ వెనక కూర్చుని ఇన్నేళ్లుగా నేను చూస్తున్నది ఒకటుంది. మన దగ్గర గుట్టు తలకిందులుగా నడుస్తోంది. కాగితాన్ని దాస్తారు, మనిషిని బయటపెడతారు. జనానికి సర్కారు మీద నమ్మకం పోతున్నది కోట్ల కుంభకోణాల వల్ల అంటారు గానీ, కోట్లు ఎవడికి అర్థమవుతాయి? తన పేరు ఎవరి చేతికి వెళ్లిందో మాత్రం అందరికీ అర్థమవుతుంది.

సత్యేంద్ర దుబే సంగతి చాలామంది మరిచిపోయారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు. బిహార్‌లో స్వర్ణ చతుర్భుజి రహదారి పని చూస్తూ, అందులో జరుగుతున్న అక్రమాల మీద 2002 నవంబరులో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. ఎంత జాగ్రత్తపడ్డాడంటే, తన వివరాలు ఉత్తరంలో పెట్టకుండా వేరే కాగితం మీద రాసి జతచేశాడు. గోప్యంగా ఉంచడం కోసమే విడిగా పెడుతున్నానని అందులోనే చెప్పాడు. మామూలు మనిషి ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి తానెవరో చెప్పాల్సి వచ్చింది. ఆ వేరే కాగితం కూడా ఉత్తరంతో పాటే ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది, 2010లో పట్నా కోర్టు ముగ్గురిని దోషులుగా ప్రకటించింది. చంపింది ఎందుకన్న తగువులోకి నేను దిగను. నా మనసు ఆ విడి కాగితం దగ్గరే ఆగిపోతుంది. ఒక పిన్ను తీసి ఆ కాగితాన్ని పక్కన పెట్టడానికి ఒక గుమస్తాకి అర నిమిషం పడుతుంది.

ఆయన చనిపోయాకే 2004లో కేంద్రం ఒక తీర్మానం చేసింది. దాని ప్రకారం విజిలెన్స్ కమిషన్‌కి ఫిర్యాదు పంపే పద్ధతి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. కవరు అతికించి ఉండాలి. పైన ప్రజాహితం కోసం చేసిన వెల్లడి అని రాయాలి. పంపినవాడి పేరు కవరు మీద ఉండకూడదు, లోపలే ఉండాలి. కమిషన్ పేరుని దాచి, మిగతా విషయాన్ని మాత్రం విచారణకి పంపుతుంది. అర్జీలు రాసేవాడిగా చెబుతున్నాను, కాగితం ఆఫీసులో ఎలా నడుస్తుందో తెలిసినవాడెవడో కూర్చుని ఆలోచించిన పద్ధతి ఇది. కానీ ఇది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకీ, కేంద్ర సంస్థలకీ, ప్రభుత్వ బ్యాంకుల వంటివాటికీ మాత్రమే. మావయ్య మండీ దీని కిందికి రాదు. బడి, రేషను, పంచాయతీ, తహసీలు, అంటే పేదవాడికి రోజూ తగిలే సర్కారు ఏదీ రాదు.

అందరికీ వర్తించే చట్టం కూడా ఒకటి చేశారు. గుట్టు విప్పేవారి రక్షణ చట్టం, 2014. ఆ ఏడాది మే 9న రాష్ట్రపతి సంతకం పడింది. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టినవాడికి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా అని అందులో ఉంది. అబద్ధపు ఫిర్యాదు చేస్తే 2 ఏళ్ల వరకు జైలు అనీ ఉంది. అంటే బురద చల్లేవాడికి మందు కూడా అందులోనే ఉంది. ఇక కావలసింది ఫలానా రోజు నుంచి అమలు అని ఒక నోటిఫికేషన్. నేనిది రాసేనాటికీ అది రాలేదు. 2015లో దానికి సవరణలు తెచ్చి, ఫలానా ఫలానా విషయాల మీద అసలు నోరెత్తకూడదని పెద్ద జాబితా చేర్చబోయారు. లోక్‌సభ దాటిన ఆ బిల్లు రాజ్యసభలో మురిగిపోయింది. ఇంకోవైపు అధికార రహస్యాల చట్టం ఉంది. 1923 నాటిది, తెల్లవాడు రాసుకున్నది. రహస్యం అంటే ఏమిటో అందులో నిర్వచనం కూడా లేదు. అది మాత్రం నిక్షేపంగా అమల్లో ఉంది.

మా షాపు పక్కన టీ దుకాణం దగ్గర ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ కూర్చుంటాడు. సర్కారు కాగితాలు జనానికి తెలియాలని ఆయన దగ్గర అంటే నవ్వుతాడు. "అన్నీ బయట పెట్టేస్తే రాజ్యం నడుస్తాదా? ఈ అడివిలో మాకు సమాచారం ఇచ్చినోళ్ల పేర్లు చెప్పుంటే ఒక్కడు మిగిలేవోడా?" అంటాడు. ఆయన సర్వీసంతా కొండ ఏజెన్సీలోనే గడిచింది. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం పడితే చాలు, ఊళ్లో మనిషి తెల్లారేసరికి శవమై తేలిన రోజులు ఈ కొండలు చూశాయి. ఆయన మాట కొట్టిపారేయను. సైన్యం కదలికలు, పరీక్ష పేపరు, అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు, ఇవి దాచాల్సినవే.

కానీ ఆయన తనకు తెలియకుండానే నా వైపు సాక్ష్యం చెప్పేశాడు. పేరు దాచడం ప్రభుత్వానికి చేతకాని విద్యేమీ కాదు. నేరం సంగతి నీకెవరు చెప్పారని పోలీసుని కోర్టు కూడా బలవంతపెట్టడానికి లేదని పాత సాక్ష్య చట్టం 125వ సెక్షన్ చెప్పింది. పన్ను ఎగవేత సంగతి చెప్పినవాడి విషయంలో రెవెన్యూ అధికారికీ అదే రక్షణ. 2024లో కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఆ మాట పోలేదు. ఇంకా దగ్గరి ఉదాహరణ ఎన్నికల బాండ్లు. పార్టీలకి కోట్లు ఇచ్చినవాళ్ల పేర్లు ఓటరుకి తెలియకుండా ఏళ్ల తరబడి దాచారు. బాండు మీద ఒక నంబరు ఉండేది, అది మామూలు కంటికి ఆనేది కాదు, అతినీలలోహిత కాంతి కింద పెడితేనే కనిపించేది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసేదాకా ఆ గుట్టు గుట్టుగానే ఉంది. కోట్లిచ్చినవాడి పేరు కోసం కంటికి కనపడని సిరా వాడారు. మావయ్య పేరు కోసం నల్ల స్కెచ్‌పెన్ను కూడా తీయలేదు.

స్కెచ్‌పెన్ను మాట ఊరికే అనలేదు. సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ ప్రకారం కాగితంలో దాచాల్సిన ముక్క ఉంటే, ఆ ముక్క తీసేసి మిగతాది ఇవ్వాలి. అలా ఇచ్చిన కాగితాలు నా మెషీను మీదికి వస్తుంటాయి. పేర్ల మీద నల్లగా పూసి ఉంటుంది. కొన్నిటి మీద ఎంత గట్టిగా పూస్తారంటే వెనక వైపుకి కూడా దిగుతుంది. ఆ చేత్తోనే ఫిర్యాదుదారు పేరు మీద ఒక గీత గీయొచ్చు. గీయాలని ఎవరికీ తోచదు.

ఇప్పుడు అమెరికా. జిరాక్స్ వాడిగా నాకు డేనియల్ ఎల్స్‌బర్గ్ అంటే మమకారం. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం జనానికి ఒకటి చెబుతూ లోపల మరొకటి రాసుకున్న ఏడు వేల పేజీలు ఆయన చేతికి వచ్చాయి. 1969లో రాత్రుళ్లు ఒక ప్రకటనల కంపెనీ ఆఫీసులో కూర్చుని జిరాక్స్ తీశాడు. కొడుకు మెషీను దగ్గర సాయం చేసేవాడు, పదేళ్ల కూతురు కత్తెరతో పేజీల మీద "అతి రహస్యం" అన్న ముద్రని కత్తిరించేది. ఇప్పటి మెషీన్లకే ఏడు వేల పేజీలంటే నడుం పడిపోతుంది. అప్పటి మెషీన్ల మీద, ఒక్కో పేజీ అద్దం మీద పెట్టి తీయడమంటే! 1971లో పత్రికలు వాటిని వేశాయి, ప్రభుత్వం ఆపబోయింది, సుప్రీంకోర్టు వేసుకోమంది. ఎల్స్‌బర్గ్ తానే వెళ్లి లొంగిపోయాడు. 1973లో కేసు కొట్టేశారు. ఎందుకంటే ఆయన గురించి ఏదైనా దొరుకుతుందేమోనని వైట్‌హౌస్ మనుషులే ఆయన మానసిక వైద్యుడి ఆఫీసుకి కన్నం వేశారని బయటపడింది.

ఈ కథ నాకిష్టమే. కానీ దీన్ని పట్టుకుని వేలాడటం వల్ల మనకో నష్టం ఉంది. గుట్టు విప్పేవాడంటే పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం, జైలుకి సిద్ధపడే గుండె ఉన్నవాడు అనుకుంటాం. కాటా సరిగ్గా వేయించుకోవడానికి కూడా అంత గుండె కావాలా? క్వింటాలుకి నాలుగు కిలోల కోసం వీరుడు కావలసి వస్తే, ఆ ఊళ్లో ఎంతమంది వీరులు దొరుకుతారు?

మా ఊరికి ఆనుకునే ఆంధ్రా. పాతపట్నం వైపు మా ఆడవాళ్ల పుట్టిల్లు. కొన్నేళ్ల కిందట అక్కడికి వెళ్లినప్పుడు ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ జరుగుతోంది. ఆంధ్రాలో ఇది 2006 నుంచి ఉంది, 2009లో దానికి విడిగా ఒక సంస్థ పెట్టారు. చదువుకున్న కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఉన్న పేర్లు, రోజులు, కూలి చదివి వినిపించి, ఔనా కాదా అని రాసుకుంటారు. తర్వాత మండలంలో అందరి ముందూ చదువుతారు. నేను చూసిన రోజు ఒక పేరు చదవగానే వెనక నుంచి ఒక ముసలమ్మ, "ఆడు సచ్చి మూడేళ్లయినాది బాబూ, ఇంకా పన్లోకి ఎల్తన్నాడా?" అంది. జనం గొల్లుమన్నారు. ఆమె మీద ఎవరు కక్ష కడతారు? ఆమె ఫిర్యాదు చేయలేదు. చదివింది విని ఉన్నమాట అంది. ఆ అక్రమాన్ని బయటపెట్టింది కాగితమే.

అలా తేలిన డబ్బంతా తిరిగి వసూలైపోతుందని నేననను. తనిఖీ ఒడిశాలోనూ ఉంది, ఒక చోట గట్టిగా, ఒక చోట మొక్కుబడిగా. అయినా ఆ రోజు నాకు అర్థమైంది, కాగితం బయట ఉంటే మనిషి దాక్కోవచ్చు. 2011లో సుప్రీంకోర్టు ఒడిశాలోని ఆరు జిల్లాల్లో, మా పక్క రాయగడతో సహా, ఉపాధి హామీ అక్రమాల మీద సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. దాని వెనక ఉన్నది కూడా ఏ ఒక్క ఉద్యోగి తెగింపో కాదు. ఢిల్లీ సంస్థ ఒకటి సర్కారు లెక్కల్ని, ఊళ్లో జనం చెప్పినదాన్ని పక్కపక్కన పెట్టి చూసింది.

అందుకే 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ పేరుతో, సొంత వివరాలైనా ప్రజాహితం ఉంటే ఇవ్వాలన్న సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కత్తిరించినప్పుడు నాకు దిగులేసింది. మస్టర్‌లో పేరు కూడా వ్యక్తిగత సమాచారమే కదా అనడానికి ఇప్పుడు ఆఫీసుకి దారి దొరికింది. ఆ ముసలమ్మ ముందు రేపు ఏ పేరు చదువుతారు?

ఇంకో గుట్టు ఉంది, దానికి చట్టం కూడా అక్కర్లేదు. పని జరిగే చోట బోర్డు పెడతారు, అంచనా ఎంత, కూలి ఎంత అని. ఒడియాలో ఉంటుంది. ఒడిశాలో ఒడియా ఉండాలి, అందులో తప్పు పట్టను. పిల్లలు ఎలాగూ బళ్లో నేర్చుకుంటున్నారు. కానీ స్థానిక భాషని దృష్టిలో పెట్టుకుని సమాచారం ఇవ్వాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షనే అంటోంది. తెలుగువాళ్లున్న ఊళ్లో కింద నాలుగు లైన్లు తెలుగులో, కొండ మీద గిరిజనుల సవర భాషలో రాస్తే బోర్డు ఏమీ బరువెక్కదు. గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లోనే మాస్టరుగా పనిచేశారు. సవర నేర్చుకున్నారు. జనం మాట్లాడేదే రాతలో ఉండాలని పండితులందరితో పోట్లాడారు. ఆ పోట్లాట పద్యాల గురించి, పాఠాల గురించి అనుకుంటాం. నాకు మాత్రం కౌంటర్ వెనక కూర్చుని చూస్తుంటే, అది మండీ బోర్డు గురించి కూడా అనిపిస్తుంది.

పోయిన నెల మావయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి ఫిర్యాదు వద్దన్నాడు. కాటా రిజిస్టరు కాపీ అడుగుదాం, అందరి బస్తాలూ అందులో ఉంటాయి కదా అన్నాడు. నాకు సంతోషమేసింది. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు తెప్పించి, ఒడిశా రూల్స్ ప్రకారం ఫారం-ఎ తీశాను. సమాచారం అడిగేవాడు కారణం చెప్పక్కర్లేదని, సంప్రదించడానికి కావలసినవి తప్ప సొంత వివరాలు ఇవ్వక్కర్లేదని కేంద్ర చట్టంలో ఉంది. మా రాష్ట్రం ఫారంలో మాత్రం గుర్తింపు రుజువు జతచేయాలి.

"ఆధార్ తెచ్చావా మావయ్యా?"

తెచ్చాడు. ఇవ్వలేదు. సంచిలో చెయ్యి పెట్టి అలాగే ఉన్నాడు.

"ఇందులో కూడా నా పేరు రాయాలా?"

రాయాలన్నాను. మనవరాలు భువనేశ్వర్‌లో చదువుతోందని, దాని పేరు మీద రాస్తే కుదురుతుందా అని అడిగాడు. కుదురుతుంది, ఎవరైనా అడగొచ్చు అన్నాను. పిల్లని ఇందులోకి లాగడమెందుకని వెంటనే తనే అన్నాడు. ఇంటికెళ్లి అడిగి చెబుతానని, పేరు గడి ఖాళీగా ఉన్న ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, స్టాంపు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు. ఫారం ఇంకా వెనక్కి రాలేదు.